పని మానేశాక పరీక్షలెందుకు? వృత్తి ఆరోగ్యంపై పాఠకుల ప్రశ్నలు

దుమ్ములో, రసాయనాల మధ్య, విపరీతమైన చప్పుడులో ఏళ్ల తరబడి పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నవారి నుంచి, వారి కుటుంబసభ్యుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి సమాధానాలిస్తున్నాను. ఉత్తరాలను సారం చెడకుండా కుదించాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ఒక కర్మాగారంలో బాయిలర్ విభాగంలో ఫిట్టరుగా 22 ఏళ్లు పనిచేసి, 14 ఏళ్ల క్రితం మానేశాను. ఆవిరి గొట్టాలకు చుట్టిన పాత ఆస్బెస్టాస్ పొరను కొట్టి ఊడదీయడం, గాస్కెట్లు గీకి కొత్తవి వేయడం మా రోజువారీ పని. ప్రస్తుతం నాకు ఏ బాధా లేదు, రోజూ నడుస్తాను. ఈమధ్య నాతోపాటు పనిచేసిన ఒకాయనకు ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని వైద్యులు చెప్పారట. “ఇన్నేళ్లలో రానిది ఇప్పుడేం వస్తుంది?” అంటాడు మా బావమరిది. బాధ లేకపోయినా పరీక్షలు చేయించుకోవాలా?

జవాబు: చేయించుకోవాలి. మీ బావమరిది లెక్క మీరు పని మానేసిన రోజు నుంచి మొదలవుతోంది; ఆస్బెస్టాస్ జబ్బుల లెక్క మాత్రం మీరు ఆ దుమ్మును మొదటిసారి పీల్చిన రోజు నుంచి మొదలవుతుంది. ఆ ప్రకారం మీకు గడిచింది 14 ఏళ్లు కాదు, 36 ఏళ్లు. ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే ఆస్బెస్టోసిస్ గానీ, ఊపిరితిత్తుల క్యాన్సర్ గానీ సాధారణంగా బయటపడేది పనిలో చేరిన పదిహేను, ఇరవై ఏళ్ల తరువాతే. ఊపిరితిత్తులను కప్పి ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్‌కు చాలామందిలో 30 నుంచి 40 ఏళ్లు పడుతుంది, కొందరిలో 50 ఏళ్లు కూడా. కాబట్టి ప్రమాదం దాటిపోయిందనుకుంటున్న ఈ వయసులోనే మీరు నిజానికి జాగ్రత్తగా ఉండాలి.

ఇంత ఆలస్యం ఎందుకంటే, ఆస్బెస్టాస్ నూగు శరీరంలో కరగదు. బయటి నుంచి వచ్చినదాన్ని మింగి అరాయించుకునే రక్షణ కణాలు ఈ నూగును కూడా మింగబోతాయి. పొడవైన పోగు వాటికి లొంగదు. ఆ ప్రయత్నంలో కణాలు దెబ్బతిని, చుట్టూ వాపు వచ్చి, వాపు ఉన్నచోట కొద్దికొద్దిగా మచ్చ ఏర్పడుతుంది. మీరు పని మానేసినా ఆ పోగు లోపలే ఉంటుంది గనక ఈ తతంగం ఆగదు.

పరీక్షల పేర్లు చెప్పే ముందు ఒక మాట. ఇటువంటి పరిశీలనలో అన్నిటికన్నా విలువైనది యంత్రం కాదు, మీ పని చరిత్ర. రోగిని చూసేటప్పుడు “మీరేం పని చేస్తారు?” అని కూడా అడగాలని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700 ప్రాంతంలోనే చెప్పాడు, మూడు శతాబ్దాలు గడిచినా ఆ ప్రశ్న అడిగే తీరిక మా వైద్యులకు ఉండడం లేదని ఒప్పుకోవలసిందే. అడిగినా “రిటైర్డ్” అని రాసుకుని ఊరుకుంటాం. ఆ ఒక్క మాటతో మీ 22 ఏళ్లూ కాగితం మీద నుంచి మాయమైపోతాయి. అడిగినా అడక్కపోయినా మీరే చెప్పండి. చెప్పేటప్పుడు “బాయిలర్ సెక్షన్” అంటే సరిపోదు. పొరను పొడిగానే కొట్టేవారా, తడిపి కొట్టేవారా? రాలిన దుమ్మును చీపురుతో ఊడ్చేవారా, గాలి గొట్టంతో ఊదేవారా? షిఫ్టు దిగేసరికి కనుబొమల మీద తెల్లటి నూగు నిలిచేదా? ముఖానికి గుడ్డ కట్టుకునేవారా, సరైన మాస్కు ఇచ్చేవారా? ఏడాదికోసారి ప్లాంటు ఆపి మరమ్మతు చేసే రోజుల్లో ఎన్ని గంటలు ఆ గదిలో ఉండేవారు? మీరు ఎంత పీల్చి ఉంటారన్నది వైద్యుడు వీటిని బట్టే అంచనా కడతాడు.

ఇక పరీక్షలు. మొదటిది ఛాతీని స్టెతస్కోపుతో వినడం. ఊపిరితిత్తుల అడుగుభాగంలో, గాలి పీల్చినప్పుడు వెల్క్రో పట్టీ ఊడదీస్తున్నట్టు సన్నటి చిటపట వినిపిస్తే అది మచ్చకు గుర్తు కావచ్చు. రెండోది ఛాతీ ఎక్స్‌రే. దుమ్ము జబ్బుల ఎక్స్‌రేలను చదవడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక పద్ధతిని రూపొందించింది. అందులో మీ ఫిల్మును ప్రామాణిక ఫిల్ముల పక్కన పెట్టి పోల్చి, నీడల సాంద్రతను 0 నుంచి 3 వరకు శ్రేణుల్లో నమోదు చేస్తారు. ఆ పద్ధతి తెలిసిన రేడియాలజిస్టు చదివితే మేలు, ఎందుకంటే తొలిదశ మచ్చ మామూలు చూపుకు తప్పిపోవడం అరుదేమీ కాదు.

మూడోది స్పైరోమెట్రీ. ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం చుట్టూ పెదవులు బిగించమని చెప్పి, నిండా గాలి పీల్చుకున్నాక ఒక్కసారిగా, బలంగా, ఊపిరి పూర్తిగా అయిపోయేదాకా ఊదమంటారు. ఆరు సెకన్లపాటు ఊదడం చాలామందికి కష్టంగానే ఉంటుంది. మూడో సెకనుకే “అయిపోయింది” అనిపిస్తుంది, పక్కనున్న టెక్నీషియన్ “ఇంకా, ఇంకా” అని అరుస్తూనే ఉంటారు. మూడుసార్లు సరిగ్గా ఊదితేనే, అవి ఒకదానికొకటి దగ్గరగా ఉంటేనే ఆ ఫలితాన్ని నమ్మాలి. ఇటీవల గుండెపోటు వచ్చినా, కంటి ఆపరేషన్ జరిగినా ముందే చెప్పండి, అప్పుడు వాయిదా వేస్తారు. మొత్తం ఊదిన గాలి తగ్గితే ఊపిరితిత్తులు బిగుసుకుంటున్నాయని, మొదటి సెకనులో ఊదిన వాటా తగ్గితే గాలి గొట్టాలు ఇరుకయ్యాయని స్థూలంగా అర్థం. ఒక్కసారి తీసిన అంకె కంటే రెండు మూడేళ్ల అంతరంతో తీసిన అంకెల మధ్య తేడాయే ఎక్కువ చెబుతుంది. అందుకని పాత రిపోర్టులను పారేయకండి.

ఎక్స్‌రేలో “ప్లూరల్ ప్లాక్స్” అని రాసి ఉంటే కంగారుపడకండి. అవి ఊపిరితిత్తుల పొర మీద ఏర్పడిన గట్టి మచ్చలు. వాటంతట అవి క్యాన్సర్ కావు, క్యాన్సర్‌గా మారవు. అయితే ఆస్బెస్టాస్ లోపలికి వెళ్లిందనడానికి మంచి సాక్ష్యం కనక, పరిశీలన కొనసాగించాలని చెబుతాయి.

పొగతాగే అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే అన్నిటికన్నా ముందు చేయవలసింది అది మానడమే. అమెరికా, కెనడాల్లో గొట్టాలకు ఆస్బెస్టాస్ చుట్టే కార్మికులపై 1979లో వెలువడిన ప్రసిద్ధ పరిశోధనలో, ఈ రెండూ లేనివారితో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఆస్బెస్టాస్ ఒక్కటే ఉన్నవారిలో సుమారు 5 రెట్లు, పొగ ఒక్కటే ఉన్నవారిలో సుమారు 11 రెట్లు ఉండగా, రెండూ ఉన్నవారిలో 50 రెట్లు దాటాయి. పీల్చిన ఆస్బెస్టాస్‌ను వెనక్కి తీయలేం, సిగరెట్టును మాత్రం ఈరోజే ఆపవచ్చు. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా మీ వైద్యుణ్ణి అడగండి.

ప్రశ్న: నేనూ అటువంటి దుమ్ములోనే పనిచేశాను. ఇన్ని పరీక్షలు వేర్వేరుగా ఎందుకు, ఏడాదికోసారి సీటీ స్కాన్, దాంతోపాటు అరవై రక్తపరీక్షల ప్యాకేజీ చేయించుకుంటే సరిపోదా?

జవాబు: ఎక్కువ పరీక్షలు చేయించుకుంటే ఎక్కువ భద్రత ఉంటుందన్న భావన సహజమే గానీ, నిజం కాదు. తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీ స్కాన్ ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలను తగ్గించగలదని రుజువైన మాట వాస్తవం. అమెరికాలో 53,000 మందికి పైగా పాల్గొన్న పెద్ద అధ్యయన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. వరుసగా మూడేళ్లు ఈ స్కాన్ తీసినవారిలో, ఎక్స్‌రే మాత్రమే తీసినవారి కంటే ఆ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అయితే ఆ పాల్గొన్నవారంతా 55 నుంచి 74 ఏళ్ల వయసులో ఉండి, రోజుకో పెట్టె చొప్పున కనీసం 30 ఏళ్లతో సమానంగా సిగరెట్లు తాగినవారు. అదే అధ్యయనంలో తీసిన స్కాన్లలో సుమారు 24 శాతం అనుమానాస్పదంగా కనిపించాయి, వాటిలో 96 శాతం చివరికి క్యాన్సర్ కాదని తేలింది. ఆ తేలే లోపు పడిన ఆందోళన, మళ్లీ తీసిన స్కాన్లు, కొందరికి సూది గుచ్చి తీసిన ముక్క పరీక్షలు కూడా లెక్కలోకి రావాలి కదా. వయసు, పొగ అలవాటు, దుమ్ములో గడిపిన ఏళ్లు కలిపి ప్రమాదం ఎక్కువని తేలినవారికి ఈ స్కాన్ మేలు చేస్తుంది. నలభై ఏళ్ల వయసులో, ఎన్నడూ పొగతాగకుండా, రెండేళ్లు గోదాములో పనిచేసిన వ్యక్తికి కీడే ఎక్కువ. మీ వయసు, సర్వీసు మీరు రాయలేదు గనక మీరు ఏ కోవకు వస్తారో చెప్పలేను. మీసోథీలియోమాను ముందుగా పట్టి ప్రాణం కాపాడగలదని రుజువైన స్క్రీనింగ్ పరీక్ష (బాధ లేనప్పుడే జబ్బును వెతికే పరీక్ష) ఏదీ ఇంతవరకు లేదు. ఆ పేరుతో అమ్మే రక్తపరీక్షలకు డబ్బు తగలేయకండి.

ప్యాకేజీల సంగతి మరీ విచిత్రం. వాటిలో అరవై అంశాలున్నా, మీ పనికి సంబంధించినది ఒక్కటీ లేకపోవచ్చు. బెరీలియం లోహాన్ని కోసినవారికి, సానపట్టినవారికి అవసరమైనది లింఫోసైట్ ప్రోలిఫరేషన్ అనే ప్రత్యేక రక్తపరీక్ష. ఆ లోహం పట్ల శరీరం సున్నితంగా మారిందో లేదో ఊపిరితిత్తులు దెబ్బతినకముందే అది చెబుతుంది. అది తెలియక, బెరీలియం జబ్బును, ఊపిరితిత్తుల్లో దాదాపు అలాగే కనిపించే సార్కాయిడోసిస్ అనే వేరే జబ్బని పొరపడి ఏళ్ల తరబడి వైద్యం చేసిన సందర్భాలున్నాయి. బెంజీన్ అనే రసాయన ద్రావకంతో పనిచేసినవారికి కావలసింది అతి సామాన్యమైన రక్తకణాల లెక్క. ఏ పదార్థంతో పనిచేశారో దానికి తగిన పరీక్షే స్క్రీనింగ్ అనిపించుకుంటుంది.

ప్రశ్న: మా నాన్నగారు 30 ఏళ్లు రాళ్లు కోసే యూనిట్లో, తరువాత కొన్నేళ్లు ఇసుక ఊదే పనిలో ఉన్నారు. మానేసి తొమ్మిదేళ్లయింది. దగ్గు, ఆయాసం. రెండుసార్లు టీబీ మందులు వాడారు. కఫంలో క్రిమి కనిపించలేదని ఒకసారి, ఎక్స్‌రేలో ఉందని ఒకసారి చెప్పారు. ఇది టీబీయా, దుమ్ము జబ్బా?

జవాబు: రెండింటిలో ఏదో ఒకటే అయి ఉండాలని లేదు, అదే ఈ జబ్బులో చిక్కు. రాయి కోసినప్పుడు లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చిన్నచిన్న గడ్డలు కట్టిస్తుంది, దాన్నే సిలికోసిస్ అంటారు. ఆ గడ్డలు ముఖ్యంగా పైభాగంలో వస్తాయి, టీబీ మచ్చలు కూడా ఎక్కువగా అక్కడే వస్తాయి. పని చరిత్ర తెలియని వైద్యుడు ఎక్స్‌రే చూసి టీబీ అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. పైగా సిలికా రక్షణ కణాలను బలహీనపరుస్తుంది కాబట్టి సిలికోసిస్ ఉన్నవారికి నిజమైన టీబీ వచ్చే అవకాశం మామూలువారి కంటే చాలా ఎక్కువ. అందుచేత సిలికోసిస్ అని తేల్చి టీబీని మరచిపోవడం ఎంత తప్పో, టీబీ మందులు ఇచ్చి సిలికోసిస్‌ను మరచిపోవడం కూడా అంతే తప్పు.

మూడోసారి టీబీ మందులు మొదలుపెట్టే ముందు కఫాన్ని మైక్రోస్కోపు కింద చూడటంతో ఆగకుండా అందులో టీబీ క్రిమి జన్యువు ఉందేమో చూసే పరీక్ష, క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష చేయించండి. నాన్నగారు చేసిన పనిని రెండు వాక్యాల్లో రాసి ఎక్స్‌రేతో పాటు రేడియాలజిస్టుకు అందేలా చూడండి. పాత ఎక్స్‌రేలు ఉంటే అన్నీ తీసుకెళ్లండి; గడ్డలు ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగాయా, నెలల్లో మారాయా అన్నది నిర్ణయానికి ఎంతో తోడ్పడుతుంది.

సిలికోసిస్ అని తేలితే, దుమ్ము వదిలేసిన తరువాత కూడా అది పెరగవచ్చని తెలుసుకోండి. మచ్చను కరిగించే మందు లేదు. అయినా పరిశీలన వృథా కాదు. టీబీని తొలిదశలో పట్టుకోవచ్చు, రక్తంలో ఆక్సిజన్ తగ్గితే సకాలంలో అందించవచ్చు, ఊపిరి వ్యాయామాలతో ఆయాసాన్ని కొంత అదుపులో పెట్టవచ్చు. సిలికా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో వర్గీకరించింది. దానికి కీళ్లవాతంతోను, మూత్రపిండాల జబ్బులతోను కూడా సంబంధం ఉంది కాబట్టి కీళ్లవాపు, కాళ్లవాపు కనిపిస్తే వేరే జబ్బులే అని కొట్టిపారేయకండి. ఆయనతో పనిచేసినవారు ఊళ్లో ఉంటే వారినీ పరీక్ష చేయించుకోమనండి.

ప్రశ్న: నేను ఎన్నడూ కర్మాగారంలో అడుగు పెట్టలేదు. మావారు ఆస్బెస్టాస్ పనిలో ఉండేవారు, ఆయన పని బట్టలు దులిపి ఉతికేదాన్ని. ఆయనకు పరీక్షలు చేస్తున్నారు. నాకూ అవసరమా అని అడిగితే అక్కడివారు నవ్వారు.

జవాబు: నవ్వవలసిన విషయం కాదమ్మా. లండన్‌లో 76 మంది మీసోథీలియోమా రోగుల చరిత్రను పరిశీలించి 1965లో ప్రచురించిన అధ్యయనంలో 9 మంది ఆస్బెస్టాస్ పని ఎన్నడూ చేయలేదు, ఆ పని చేసేవారితో ఒకే ఇంట్లో ఉన్నారంతే; పని బట్టలు ఉతికిన భార్యలు వారిలో ఉన్నారు. మీకు ప్రమాదం మీవారికి ఉన్నంత లేకపోయినా, బొత్తిగా లేదనడం సరికాదు. ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, ఎన్నేళ్లు ఆ బట్టలు ఉతికారో మీ కేసు కాగితంలో రాయించండి. ఛాతీలో ఒకే పక్క తగ్గని నొప్పి, కారణం తెలియని ఆయాసం, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం, బరువు తగ్గడం ఎప్పుడు కనిపించినా ఈ సంగతే ముందుగా చెప్పండి.

ప్రశ్న: బ్యాటరీల తయారీలో 18 ఏళ్లు సీసంతో పనిచేశాను. మానేసిన ఆరేళ్లకు రక్తంలో సీసం పరీక్ష చేస్తే మామూలుగానే ఉందన్నారు. ఇక నిశ్చింతేనా?

జవాబు: ఆ పరీక్ష ఇటీవలి నెలల సంగతి మాత్రమే చెబుతుంది. రక్తంలోని సీసం సుమారు నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది. ఎముకల్లో చేరినది దశాబ్దాలపాటు ఉంటుంది, పెద్దవారి శరీరంలోని సీసంలో 90 శాతానికి పైగా ఉండేది అక్కడే. ఎముకలు పలచబడే వయసులో, చాలాకాలం మంచానపడినప్పుడు అది మళ్లీ రక్తంలోకి రావచ్చు. రక్తపోటు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, హిమోగ్లోబిన్ ఏటా చూపించుకోండి. రక్తపోటు పెరిగితే, సీసంతో పనిచేసిన సంగతి తప్పక చెప్పండి.

ప్రశ్న: రంగుల కర్మాగారంలో పనిచేసి పదకొండేళ్ల క్రితం మానేశాను. రెండు నెలల కిందట ఒకసారి మూత్రం ఎర్రగా వచ్చి తగ్గిపోయింది. నొప్పి లేదు. ఊరుకోవచ్చా?

జవాబు: ఊరుకోకూడదు, ఈ పత్రిక మూసి మూత్రవ్యాధి నిపుణుడి దగ్గరకు వెళ్లండి. నొప్పి లేకుండా ఒక్కసారి కనిపించి ఆగిపోయిన రక్తం కూడా మూత్రాశయ క్యాన్సర్‌కు తొలి సూచన కావచ్చు. రంగుల పరిశ్రమలో వాడిన బెంజిడీన్, బీటా నాఫ్థైలమీన్ వంటి పదార్థాలకు ఆ క్యాన్సర్‌తో ఉన్న సంబంధం స్థిరపడింది. రంగుల కార్మికుల్లో ఈ కణుతులను 1895లోనే జర్మనీ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ గుర్తించాడు. మామూలు మూత్రపరీక్ష, మూత్రంలో కణాల పరీక్ష, అవసరమైతే గొట్టంతో లోపలికి చూసే సిస్టోస్కోపీ చేస్తారు. ఇప్పుడు మూత్రం తేటగా ఉంది కదా అని వాయిదా వేయవద్దు.

ప్రశ్న: ముప్ఫై ఏళ్లు మగ్గాల చప్పుడులో పనిచేశాను. పని మానేశాక కూడా వినికిడి ఇంకా తగ్గుతుందా?

జవాబు: చప్పుడు వల్ల కలిగిన నష్టం చప్పుడు ఆగాక సాధారణంగా పెరగదు, పోయినది తిరిగి రాదు. ఆ తరువాత తగ్గేది వయసు వల్ల గానీ, మరో కారణం వల్ల గానీ. ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయిస్తే, చప్పుడు దెబ్బ మొదట్లో గ్రాఫులో 4000 హెర్ట్జ్ స్థాయి కీచు శబ్దం దగ్గర గుంటలా కనిపిస్తుంది. ఒక చెవే తగ్గుతుంటే వేరే కారణం వెతకాలి.

ప్రశ్న: మా ఫ్యాక్టరీ మూతపడింది. నేను కాంట్రాక్టరు కింద పనిచేశాను, నా పేరుతో రికార్డు లేదు. పని మానేసినవారి పరీక్షల బాధ్యత ఎవరిది? ఏ ఆధారం చూపాలి?

జవాబు: సూత్రప్రాయంగా సందేహం లేదు. వృత్తిపరమైన క్యాన్సర్‌పై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1974లో ఆమోదించిన 139వ ఒడంబడికలోని 5వ అధికరణం, పనిలో ఉన్న కాలంలోనే కాక ఆ తరువాత కూడా కార్మికులకు వైద్యపరీక్షలు అందేలా చూడాలంటుంది. దాన్ని ఆమోదించిన దేశాలకే అది వర్తిస్తుంది. అమెరికాలో అణ్వాయుధ కర్మాగారాల మాజీ కార్మికుల కోసం 1993 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలో నిబంధన పెట్టి, 1996లో ఉచిత పరీక్షలు మొదలుపెట్టారు. అందులో కాంట్రాక్టర్ల కింద పనిచేసినవారూ ఉన్నారు. పనిచేయించిన యజమాని మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతే బాధ్యత ఎవరి నెత్తిన పడాలన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకడానికి కారణం, ఆ యజమాని ప్రభుత్వమే కావడం. మామూలు ఫ్యాక్టరీల్లో పనిచేసినవారికి ఆ అదృష్టం అరుదు.

ఆధారం విషయానికొస్తే, రికార్డు లేదని వెనక్కి తగ్గకండి. మీతోపాటు ఆ షెడ్డులో పనిచేసిన ఇద్దరు ముగ్గురు ఒకచోట కూర్చుని గుర్తుచేసుకోండి. ఒకరికి సంవత్సరం గుర్తుంటే ఇంకొకరికి బస్తా మీది అక్షరాలు గుర్తుంటాయి, మరొకరికి ఎవరెవరు తొందరగా పోయారో గుర్తుంటుంది. పాత గేటు పాసు, జీతం చీటీ, ప్రావిడెంట్ ఫండ్ కాగితం, పనిలో దిగిన ఫొటో, ఏది దొరికినా జతచేయండి. ఒకరి పనిని ఇంకొకరు ధ్రువీకరిస్తూ సంతకాలు చేసుకోండి. పరీక్ష ఎక్కడ చేయించుకున్నా రిపోర్టు నకలు మీ చేతికి ఇవ్వమని అడగండి. మీ అనుమతి లేకుండా దాన్ని మరెవరికీ ఇవ్వకూడదని కూడా ముందే చెప్పండి. ఆ పని చరిత్ర కాగితాన్ని ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టి, మొదటిసారి ఆ దుమ్ములో అడుగుపెట్టిన సంవత్సరాన్ని మొదటి వరుసలోనే రాయండి. వైద్యుడు లెక్క మొదలుపెట్టేది అక్కణ్నుంచే.